గోడకెక్కిన వలస చరిత్ర

లాస్ ఏంజెలెస్ నగరం నడిబొడ్డున నిలిచిన ఆకాశహర్మ్యాలను వెనక వదిలి, హార్బర్ ఫ్రీవే దాటి పడమటి వైపు సాగితే, దారి బెవర్లీ బులెవార్డ్ అన్న పేరు తీసుకున్న కాసేపటికే రోడ్డుకు అడ్డంగా కట్టిన ఒక తోరణం కనిపిస్తుంది. 2022లో ప్రారంభమైన ఈ తోరణానికి ‘తలాంగ్ గబాయ్’ అని పేరు. ఫిలిప్పీన్స్ జాతీయ భాషకు మూలమైన తగలోగ్‌లో దారి చూపే చుక్క అని దాని అర్థం. ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్ రోజుల్లో వెదురు బద్దలతో చట్రం కట్టి, దానికి రంగు కాగితం అంటించి, ఇంటి ముందు వేలాడదీసే నక్షత్రాకారపు లాంతరును పరోల్ అంటారు. ఈ తోరణానికి ప్రేరణ ఆ లాంతరే. తూర్పున గ్లెండేల్ బులెవార్డ్, పడమట హూవర్ వీధి, ఉత్తరాన 101వ నంబరు ఫ్రీవే, దక్షిణాన బెవర్లీ బులెవార్డ్ హద్దులుగా గల ఈ పేటను నగర మండలి 2002 ఆగస్టు 2న హిస్టారిక్ ఫిలిపినోటౌన్‌గా ప్రకటించింది. అప్పట్లో మండలి సభ్యుడిగా ఉండి తరువాత మేయరైన ఎరిక్ గార్సెట్టి ఈ తీర్మానానికి చొరవ చూపారు. ఇంత పొడవు పేరు నోరు తిరగని యువతరం దాన్ని ‘హైఫై’ అని కుదించుకుంది.

పేరు విని వచ్చిన యాత్రికుడికి ముందుగా ఎదురయ్యేది ఆశాభంగమే. శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో లాగా వీధి వీధంతా ఒకే జాతి దుకాణాలు, ఒకే లిపిలో బోర్డులు ఇక్కడ ఉండవు. పేటలో ఇప్పుడు ఎక్కువమంది మెక్సికో, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా దేశాల నుంచి వచ్చిన స్పానిష్ భాషీయులు. బడి వదిలే వేళ కాలిబాట మీద వినిపించేది వారి భాషే, బండి మీద అమ్ముడయ్యే తినుబండారాలూ వారివే. నగరంలోని ఫిలిపినో కుటుంబాలు ఏనాడో కార్సన్, సెరిటోస్, ఈగిల్ రాక్, వెస్ట్ కొవీనా వంటి చోట్లకు తరలిపోయాయి. మిగిలినవి కొన్ని చర్చిలు, సేవాసంస్థలు, పాతకాలపు అపార్ట్‌మెంట్లలో ఉంటున్న వృద్ధులు, టెంపుల్ వీధిలో అక్కడక్కడా ఉన్న భోజనశాలలు. ‘తురో తురో’ అనే పద్ధతిలో నడిచే భోజనశాలల్లో అద్దం వెనక వరసగా పెట్టిన గిన్నెలను వేలితో చూపి, ఏది కావాలంటే అది పళ్లెంలో వడ్డింపించుకోవచ్చు. వెనిగర్, వెల్లుల్లి, మిరియాలు వేసి మాంసాన్ని మగ్గబెట్టిన అడోబో కూర తెలుగువారి నాలుకకు పరాయిగా ఏమీ తోచదు. జనాభా లెక్కలు వేరొకరి పక్షాన ఉన్నా ఈ నేల మాదే అని ఒక సమాజం ఏ ఆధారంతో చెప్పగలుగుతున్నది అనే ప్రశ్న మాత్రం ఇక్కడ అడుగడుగునా ఎదురవుతుంది.

ఆ ఆధారం బెవర్లీ బులెవార్డ్ మీద, యూనియన్ అవెన్యూ కూడలికి దగ్గరగా, యునిదాద్ పార్కులో ఉంది. ఐక్యత అని అర్థమిచ్చే స్పానిష్ పేరు పెట్టుకున్న ఈ పార్కు పెద్దదేమీ కాదు. పిల్లల ఆటస్థలం, ఇరుగుపొరుగువారు కూరగాయలు పండించుకునే మళ్లు, కూర్చోవడానికి కాస్త చోటు, అంతే. పార్కును ఆనుకుని నిలిచిన భవనపు గోడ పొడవునా, నూరడుగులకు పైగా పరుచుకుని ‘గింటోంగ్ కసయ్‌సయాన్, గింటోంగ్ పమానా’ అనే కుడ్యచిత్రం కనిపిస్తుంది. మ్యూరల్ అని ఇప్పుడు తెలుగులోనూ వాడుకలో ఉన్న కుడ్యచిత్రం కాన్వాసు మీద గీసి గోడకు తగిలించేది కాదు. గోడనే ఆధారంగా చేసుకుని, ఆ గోడ ఉన్న వీధిని, అక్కడి వెలుతురును, దాన్ని చూసే జనాన్ని దృష్టిలో పెట్టుకుని వేసేది. బంగారు చరిత్ర, బంగారు వారసత్వం అని అర్థమిచ్చే పేరు గల ఈ చిత్రాన్ని 1995లో ఎలిసియో ఆర్ట్ సిల్వా రచించారు. ఫిలిప్పీన్స్‌లో పుట్టి అమెరికాకు వచ్చిన సిల్వాకు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఇరవై ఏడేళ్ల తరువాత పేట ముఖద్వారంలో వెలసిన తోరణం రూపకర్త కూడా ఆయనే.

చిత్రం స్థూలంగా రెండు భాగాలు. మొదటి భాగం నీటిలో మునిగి ఉంటుంది; ఫిలిప్పీన్స్ దీవుల చరిత్ర, స్పెయిన్ పాలన, దాని మీద తిరుగుబాటు అందులో అలల మధ్య కదులుతాయి. రెండవ భాగం నేల మీద ఉంటుంది. ఎడమ వైపు పొలాల్లో కూలీలు, కుడి వైపు అమెరికాలో పేరు తెచ్చుకున్న ఫిలిపినోలు. ఈ రెంటినీ కప్పుతున్నట్టుగా పైభాగంలో రెక్కలు చాచిన ఒక మహా పక్షి, దాని నడుమ అగ్నిగోళంలా మండే సూర్యబింబం. ఏడువేలకు పైగా దీవుల దేశం నుంచి సముద్రం మీదుగా వచ్చినవారి కథలో గతం నీటిలోనూ వర్తమానం నేలమీదా ఉండటం సహజమైన ఊహే అనిపిస్తుంది గానీ, చిత్రకారుడు దాన్ని వాడుకున్న తీరులో ఒక మెలిక ఉంది: నీటిలోని చరిత్ర మునిగిపోయినట్టు కాక, పైనున్న నేలను కింది నుంచి మోస్తున్నట్టు ఉంటుంది.

నీటి భాగంలో కేంద్రస్థానం హొసే రిజాల్, ఆంద్రెస్ బొనిఫాసియోలది. ఫిలిప్పీన్స్ చరిత్రతో పరిచయం లేనివారికి ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలపడంలోని విశేషం వెంటనే తట్టదు. రిజాల్ సంపన్న కుటుంబంలో పుట్టి, ఐరోపాలో నేత్రవైద్యం చదివి, 1887లోనూ 1891లోనూ వెలువడిన రెండు నవలల ద్వారా స్పానిష్ మతగురువుల పెత్తనాన్ని ఎండగట్టిన మేధావి. ఆయన కోరినది ప్రధానంగా సంస్కరణ. బొనిఫాసియో మనీలాలో విదేశీ వ్యాపార సంస్థల్లో చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ, సొంతంగా చదువుకుని, 1892లో కతిపునాన్ అనే రహస్య విప్లవ సంఘాన్ని స్థాపించినవాడు; ఆయన కోరినది స్వాతంత్ర్యం, అదీ ఆయుధంతో. రిజాల్‌ను స్పానిష్ ప్రభుత్వం 1896 డిసెంబరు 30న కాల్చి చంపగా, బొనిఫాసియోను మరుసటి ఏడాది మే నెలలో తోటి విప్లవకారుల్లోని ప్రత్యర్థి వర్గమే చంపించింది. వీరిద్దరిలో అసలైన జాతీయ వీరుడెవరు అన్న వాదం ఫిలిప్పీన్స్ మేధావుల మధ్య నేటికీ తెగలేదు. కలమా కత్తా అన్న ఆ తగవులోకి దిగకుండా గోడ ఇద్దరికీ సమానమైన పీట వేసింది. దీన్ని రాజీ అనుకునేవారు అనుకోవచ్చు. పరాయి దేశంలో పుట్టి పెరుగుతున్న పిల్లలకు ముందు ఇద్దరి ముఖాలూ తెలియాలి, తగవు తరువాత తెలుసుకుంటారు అన్న ఆలోచన ఇందులో ఎక్కువగా కనిపిస్తుంది.

నీటి నుంచి నేల మీదికి రావడానికి గోడ మీద పట్టే దూరం కొన్ని అడుగులే అయినా, చరిత్రలో ఆ దూరం ఒక యుద్ధమంత ఉంది. 1898లో స్పెయిన్‌ను ఓడించిన అమెరికా, పారిస్ ఒడంబడిక ప్రకారం రెండు కోట్ల డాలర్లు చెల్లించి ఫిలిప్పీన్స్‌ను తీసుకుంది. అంతకుముందే జూన్ 12న స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఫిలిపినోలు ఈ కొత్త యజమానితో రక్తసిక్తమైన యుద్ధం చేసి ఓడిపోయారు. ఆ ఓటమి ఒక వింత చట్టస్థితికి దారితీసింది. వలస ప్రజలైన ఫిలిపినోలు అమెరికా దృష్టిలో ‘జాతీయులు’, అంటే పౌరులూ కారు, పరదేశులూ కారు. ఓటు లేదు, పౌరసత్వం అడిగే అర్హత లేదు, కానీ ఓడ ఎక్కి వస్తే ఆపే చట్టమూ లేదు. ఆసియాలోని ఇతర దేశాల నుంచి వచ్చే కూలీలకు ఒక్కొక్కటిగా తలుపులు మూసుకుపోయిన 1920లలో కాలిఫోర్నియా భూస్వాములకు ఈ సందు బాగా కలిసివచ్చింది. 1930 జనాభా లెక్కల నాటికి ఆ రాష్ట్రంలో ముప్పై వేలకు పైగా ఫిలిపినోలు ఉన్నారు. వారిలో అత్యధికులు పెళ్లికాని యువకులు. ఆస్పరాగస్ మొక్కల కాడలు కోయడానికి నడుం వంచి మైళ్ల కొద్దీ నడిచినవారు, ద్రాక్షగుత్తులను పలచన చేసినవారు, వేసవిలో అలాస్కా వెళ్లి చేపల డబ్బాల కర్మాగారాల్లో పనిచేసినవారు వీరే.

ఈ తరాన్ని ఫిలిపినో అమెరికన్లు మనోంగ్‌లు అంటారు. ఇలోకానో భాషలో ఇది అన్నను పిలిచే పిలుపు. వయసు మళ్లిన ఆ కూలీలను తరువాతి తరం యువకులు గౌరవంతో అలా పిలవడంతో అదే చరిత్రలో స్థిరపడింది. మనోంగ్‌లకు పెళ్లిళ్లు కాకపోవడానికి స్త్రీల కొరత ఒక్కటే కారణం కాదు. శ్వేతజాతి స్త్రీలను వివాహమాడకుండా ‘మంగోలు’లను నిషేధించే చట్టం కాలిఫోర్నియాలో ఉండేది, తాను మలయ జాతివాడినే గాని మంగోలును కానని ఒక ఫిలిపినో వరుడు లాస్ ఏంజెలెస్ కౌంటీ మీద వ్యాజ్యం వేసి 1933లో నెగ్గితే, అదే ఏడాది శాసనసభ నిషేధిత జాతుల జాబితాలో మలయులను కూడా చేర్చి ఆ గెలుపును వమ్ము చేసింది. ఆ చట్టం 1948లో గాని పోలేదు. 1933 నాటి ఆ గెలుపు వమ్మైన మరుసటి ఏడాదే మరో దెబ్బ తగిలింది: ఫిలిప్పీన్స్‌కు పదేళ్లలో స్వాతంత్ర్యం ఇస్తామని వాగ్దానం చేసిన 1934 నాటి చట్టం, అదే కలంపోటుతో ఫిలిపినోల వలసను ఏడాదికి 50 మందికి కుదించింది. స్వాతంత్ర్యం కంటే ముందు పరాయితనం అమలులోకి వచ్చింది.

గోడ మీద నీటి చరిత్రనూ నేల చరిత్రనూ కలిపే కీలు దగ్గర చిత్రకారుడు నిలిపినవారు కార్లోస్ బులోసాన్, లారీ ఇట్లియోంగ్, ఫిలిప్ వెరా క్రూజ్. ముగ్గురూ మనోంగ్ తరంవారే. 1930లో సియాటిల్ రేవులో దిగిన బులోసాన్ పొలం పనులు చేస్తూ, క్షయవ్యాధితో లాస్ ఏంజెలెస్ ఆసుపత్రిలో నెలల తరబడి పడి ఉండి, అక్కడే పుస్తకాల మీద పుస్తకాలు చదివి రచయిత అయ్యారు. 1946లో వెలువడిన ఆయన ‘అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్’ వలస కూలీల బతుకును లోపలి నుంచి చెప్పిన తొలి రచనల్లో ఒకటి. ఇట్లియోంగ్‌ను తోటివారు ‘ఏడు వేళ్లవాడు’ అని పిలిచేవారు. అలాస్కా కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో మూడు వేళ్లు పోవడం వల్ల వచ్చిన పేరది. నోట చుట్టతో, కళ్లజోడుతో, పేకాట బల్ల దగ్గరా సమ్మె వేదిక మీదా ఒకే తీరుగా ఉండే ఈ మనిషి 1965 సెప్టెంబరు 8న డెలానో పట్టణంలో ద్రాక్షతోటల సమ్మెకు నాయకత్వం వహించారు. కోరినది గంటకు ఒక డాలరు 40 సెంట్లు, పెట్టెకు 25 సెంట్లు.

ఈ సమ్మె పేరు చెబితే లోకానికి గుర్తుకు వచ్చేది సీజర్ చావెజ్. నిజానికి ఫిలిపినోలు సమ్మెలోకి దిగిన ఎనిమిది రోజుల తరువాత, సెప్టెంబరు 16న, చావెజ్ నాయకత్వంలోని మెక్సికన్ కూలీల సంఘం వారితో చేయి కలిపింది. అంతకుముందు ఒక జాతివారు సమ్మె చేస్తే భూస్వాములు మరొక జాతివారిని తెచ్చి పని నడిపించుకోవడం ఆనవాయితీ. ఇట్లియోంగ్ పట్టుబట్టి చావెజ్‌ను ఒప్పించడానికి కారణం ఆ ఎత్తుగడను బాగా ఎరిగి ఉండటమే. రెండు సంఘాలూ ఒకటైన యునైటెడ్ ఫార్మ్ వర్కర్స్ అయిదేళ్ల పోరాటం, దేశవ్యాప్త ద్రాక్ష బహిష్కరణ తరువాత 1970లో ఒప్పందాలు సాధించింది. గెలిచిన మరుసటి ఏడాదే ఇట్లియోంగ్ సంఘాన్ని వదిలి వెళ్లారు. ఫిలిపినో వృద్ధ కార్మికుల గోడు సంఘంలో వినబడటం లేదన్నది ఆయన బాధ. వెరా క్రూజ్ 1977 వరకు ఉపాధ్యక్షుడిగా కొనసాగి, మార్కోస్ నియంతృత్వంలో ఉన్న ఫిలిప్పీన్స్‌కు చావెజ్ అతిథిగా వెళ్లినందుకు నిరసనగా తప్పుకున్నారు. విజయం, విస్మృతి రెండూ ఒకే ఉద్యమంలో ఎంత దగ్గరగా కాపురం చేస్తాయో ఈ ఇద్దరి జీవితాలు చూపుతాయి.

యునిదాద్ పార్కు గోడకు ఉన్న అసలు విలువ ఈ సందర్భంలోనే తెలుస్తుంది. డెలానో పోరాటంలో ఫిలిపినోల పాత్రను బడి పిల్లలకు బోధించేలా చూడాలని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది 2013లో. ఇట్లియోంగ్ పుట్టినరోజైన అక్టోబరు 25ను ఆయన పేరిట గుర్తించింది 2015లో. సిల్వా ఆ ముఖాలను గోడకెక్కించింది 1995లో, వెరా క్రూజ్ కన్నుమూసిన మరుసటి ఏడాది. పాఠ్యపుస్తకం కంటే గోడ పద్దెనిమిదేళ్లు ముందు నడిచింది. పైగా ఈ గోడను ప్రతిరోజూ చూస్తున్నవారిలో ఎక్కువమంది మెక్సికన్లు, మధ్య అమెరికా దేశాలవారు. సెప్టెంబరు 16న ఫిలిపినోలతో చేయి కలిపిన కూలీల భాషే వారిదీ. పేటలో ఫిలిపినోలు తగ్గిపోయారన్న లోటును ఈ చిత్రం అనుకోకుండానే పూరించుకున్నది. పొలంలో వంగి పనిచేస్తున్న మనిషి బొమ్మను చూసి తన తాతను గుర్తు తెచ్చుకోవడానికి పిల్లవాడు ఫిలిపినో కానక్కరలేదు.

లాస్ ఏంజెలెస్‌లో గోడల మీద చరిత్ర రాయడానికి ఒక పెద్ద సంప్రదాయమే ఉంది, దానికి తగిన కష్టాలూ ఉన్నాయి. మెక్సికో మహాచిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికైరోస్ 1932లో ఇక్కడికి కూతవేటు దూరంలోని ఒల్వేరా వీధిలో వేసిన ‘అమెరికా ట్రాపికాల్’ చిత్రంలో శిలువ మీద నలుగుతున్న ఆదివాసిని, అతని నెత్తిన వాలిన గద్దను చూసి జంకిన పెద్దమనుషులు దానికి సున్నం కొట్టించారు. ఆ సున్నం కింది నుంచి బయటపడి అది మళ్లీ ప్రజల కంటబడటానికి 2012 దాకా పట్టింది. 1976లో జూడీ బాకా తదితరులు స్థాపించిన స్పార్క్ అనే కళాసంస్థ నగరంలోని ఒక్కొక్క పేట తన కథను తానే గోడ మీద చెప్పుకునేందుకు కార్యక్రమాలు నడిపింది. గింటోంగ్ కసయ్‌సయాన్ ఆ ఒరవడిలో వచ్చినదే. ఆ పద్ధతిలో చిత్రకారుడు పేటవారితో కూర్చుని, ఎవరి ముఖం ఉండాలి, ఏ ఘట్టం ఉండాలి అని చర్చించి, చిన్న నమూనా గీసి, దాన్ని గళ్లుగా విభజించి, అదే లెక్కన గోడ మీద పెద్ద గళ్లు గీసుకుని, యాక్రిలిక్ రంగులతో నింపుతాడు. పని పూర్తయ్యాక గోడకు అసలు శత్రువు ఎండ. దక్షిణ కాలిఫోర్నియా వెలుతురులో ఎరుపు, పసుపు రంగులు కొన్నేళ్లకే వెలిసిపోతాయి. రెండవది రాత్రిపూట వచ్చే స్ప్రే డబ్బా. మూడవది ఎవరూ ఊహించనిది, చట్టం: వ్యాపార ప్రకటనల బోర్డులను అదుపు చేయబోయి నగరపాలక సంస్థ పదేళ్లకు పైగా ప్రైవేటు భవనాల మీద కొత్త కుడ్యచిత్రాలను కూడా నిషేధించి, 2013లో గాని ఆ పొరపాటు దిద్దుకోలేదు.

చిత్రంలో లోపాలు లేవనలేం. ముఖాలు ఎక్కువ, ఊపిరి తీసుకునే ఖాళీ తక్కువ. అన్ని తరాలకూ, అన్ని రంగాలకూ చోటు ఇవ్వాలన్న బాధ్యత చిత్రకారుడి చేతిని కొంత బిగించింది. ముఖ్యంగా కుడి వైపున విజయాలు సాధించినవారి వరుస దగ్గర చిత్రం సన్మానసభ వేదికను తలపిస్తుంది. ఎడమ వైపున వంగిన వీపులు, మట్టి, పొలాల గీతలు ఉన్నచోట గోడకు ఉన్న బలం అక్కడ సడలుతుంది. ఎవరో ఒకరు పక్కన నిలబడి చెబితే తప్ప సగం ముఖాలు కొత్తవారికి తెలియవు. అయితే సామూహిక కుడ్యచిత్రాలన్నిటికీ ఈ ఇబ్బంది ఉన్నదే. పెళ్లి ఫోటోలో ఎవరినీ వదిలిపెట్టలేని ఇంటి పెద్ద ఇరకాటం లాంటిదిది. శాన్ ఫ్రాన్సిస్కోలో 1984లో జొహానా పోయెథిగ్, విక్ క్లెమెంటే, ప్రెస్కో తబియోస్ కలిసి వృద్ధుల నివాసభవనపు గోడ మీద నిట్టనిలువుగా వేసిన ‘ఆంగ్ లిపీ నీ లాపు లాపు’ చిత్రం 1521లో మెజెల్లాన్ సేనను ఎదిరించి ఓడించిన లాపు లాపు వంశపరంపరను చెబుతుంది. చిత్రంగా చూస్తే కూర్పులో అది మెరుగు, చరిత్రగా చూస్తే బెవర్లీ బులెవార్డ్ గోడకే బరువెక్కువ.

పార్కు నుంచి యూనియన్ అవెన్యూ వెంట ఉత్తరానికి కొద్ది నిమిషాలు నడిస్తే ఫిలిపినో క్రిస్టియన్ చర్చి వస్తుంది. నగరం చారిత్రక కట్టడంగా గుర్తించిన ఈ చర్చి గోడలకు బొమ్మలేమీ లేకపోయినా ఫిలిపినోలు ఈ పేటకు ఎలా వచ్చారో చెప్పే సాక్ష్యం అదే. 1920లు, 30లలో వారి ‘లిటిల్ మనీలా’ నగర కేంద్రంలో, జపనీయుల పేట అయిన లిటిల్ టోక్యో పక్కన ఉండేది. క్షురకశాలలు, పేకాట గదులు, ఒంటరి కూలీలు అద్దెకు దిగే హోటళ్లతో నిండిన వీధులవి. ప్రభుత్వ కార్యాలయాలూ ఫ్రీవేలూ వచ్చి వారిని అక్కడి నుంచి కదిలించాయి. పక్కనున్న బంకర్ హిల్ గుట్ట మీదికి ఎక్కితే, పునరభివృద్ధి పేరిట ఆ గుట్ట మీది ఇళ్లనూ కూల్చివేశారు. అలా జరుగుతూ జరుగుతూ టెంపుల్ వీధి పరిసరాలకు చేరారు. వదిలి వచ్చిన చోట వారి గుర్తు ఒక్కటీ మిగలలేదు. గోడ మీద అంత పెద్దగా, అంతమంది ముఖాలతో, ఖాళీ లేకుండా గీయాలన్న ఆరాటం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ చర్చి ముందు నిలబడితే బోధపడుతుంది.

అక్కడికి దగ్గరలోని లేక్ స్ట్రీట్ పార్కులో 2006లో ఆవిష్కరించిన నల్ల గ్రానైటు స్మారకం రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా జెండా కింద పోరాడిన ఫిలిపినో సైనికులది. రెండున్నర లక్షల మందికి పైగా సైన్యంలో చేరితే, యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946 ఫిబ్రవరిలో, అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం ద్వారా వారిలో అత్యధికుల సేవను మాజీ సైనికుల ప్రయోజనాలకు లెక్కలోకి రానిదిగా తేల్చింది. 2009లో గాని వారికి పరిహారం మంజూరు కాలేదు: అమెరికా పౌరులైతే 15,000 డాలర్లు, కానివారికి 9,000, అదీ ఒక్కసారికి. అప్పటికి చాలామంది చనిపోయారు.

అదే 1946లో జూలై 2న సంతకమైన మరో చట్టం తెలుగు పాఠకుడికి ఆసక్తి కలిగించాలి. లూస్, సెల్లర్ అనే ఇద్దరు ప్రజాప్రతినిధుల పేర్లతో పిలిచే ఆ చట్టం ఫిలిపినోలకూ భారతీయులకూ కలిపి ఒకే కాగితం మీద అమెరికా పౌరసత్వానికి అర్హత ఇచ్చింది, ఏడాదికి చెరి నూరుమందికి వలస అనుమతి ఇచ్చింది. 1920లలో బోస్టన్ చేరి, వైద్యశాస్త్రంలో అపూర్వమైన పరిశోధనలు చేసిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ చట్టం వచ్చేదాకా, ద్రాక్షతోటలోని మనోంగ్ లాగానే, చట్టం దృష్టిలో పౌరసత్వానికి పనికిరాని మనిషి. ఆ తరువాత 1965లో వచ్చిన వలసచట్టం జాతులవారీ కోటాలను తొలగించడంతో మనీలా నుంచి నర్సులు, హైదరాబాదు, విశాఖపట్నం, గుంటూరు నుంచి వైద్యులు ఒకే దారిన అమెరికా ఆసుపత్రులకు చేరారు. మనవారు అక్కడ అడుగుపెట్టేనాటికి తలుపు తెరిచి ఉండటానికి ముందుగా తలుపు తట్టినవారిలో ఈ గోడ మీది మనుషులు కూడా ఉన్నారు.

కాలిఫోర్నియాలో పిల్లలను చదివిస్తున్న తెలుగు కుటుంబాలు లాస్ ఏంజెలెస్ వచ్చినప్పుడు హాలీవుడ్ కాలిబాట మీది నక్షత్రాలను, శాంటా మోనికా సముద్రతీరాన్ని ఎలాగూ చూస్తాయి. నగర కేంద్రం నుంచి కారులో పది నిమిషాల దూరంలో ఉన్న యునిదాద్ పార్కుకు కూడా ఒక పూట కేటాయించాలి; ప్రవేశ రుసుము లేదు, వరుసలో నిలబడే పనీ లేదు. వెళ్లే ముందు పిల్లలకు రిజాల్, బులోసాన్, ఇట్లియోంగ్ పేర్లు చెప్పి తీసుకువెళితే మంచిది, ఎందుకంటే గోడ దగ్గర వివరించి చెప్పడానికి గైడు ఉండడు.